జెర్క్‌బైట్ కొంటే తేలేదే కొనండి, మిగతాది మన నీళ్లలో సరిచేసుకోవచ్చు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రాజోలు దగ్గర ఉంటారు. ఆన్‌లైన్‌లో 110 మిల్లీమీటర్ల సస్పెండింగ్ జెర్క్‌బైట్ (చేపపిల్ల ఆకారంలో ఉండే కృత్రిమ ఎర, అంటే ఒక రకం లూర్) తెప్పించుకున్నారు. లాగి ఆపితే నీళ్ల మధ్యలో నిలబడాల్సింది, పంట కాలువలో వేస్తే మెల్లగా కిందికి దిగి నాచులో కూరుకుపోతోంది. దాంతో వచ్చిన హుక్స్ పల్చగా ఉన్నాయని గట్టివి మార్చారు, ఇప్పుడు ఇంకా త్వరగా మునుగుతోంది. కొరమీను, వాలుగ, పండుగప్ప, ఈ మూడింటికీ ఏ జెర్క్‌బైట్ కొనాలి, కొన్నదాన్ని ఎలా మార్చుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. సస్పెండింగ్ రకం కొనకండి. 90 నుంచి 110 మిల్లీమీటర్ల తేలే రకం కొనండి. హుక్స్, రింగులు గట్టివి మార్చగానే ఆ బరువుకే దాని తేలే గుణం చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కాస్త బరువు సోల్డర్ తీగతో కలపండి. అది కూడా ఇంట్లో కాదు, మీరు గాలం వేసే చోట ముంచిన బకెట్ నీళ్లలోనే సరిచూసుకోండి. ఇలా చేసిన లూర్ పండుగప్పకి చాలా బాగా పనిచేస్తుంది. వాలుగకి ఫర్వాలేదు. గుర్రపు డెక్కలో ఉండే కొరమీనుకి మాత్రం జెర్క్‌బైట్ జోలికి వెళ్లకండి, రబ్బరు కప్ప వాడండి.

నా గురించి ఒక మాట. మాది సఖినేటిపల్లి వైపు, మోటారు వైండింగ్ షాపు ఉంది. చిన్నప్పుడు వెదురు కర్ర, వానపాము, నెమలి ఈక బెండుతో మొదలుపెట్టాను. రాడ్డు, రీలు పట్టుకుని 16 ఏళ్లయింది. గోదావరి పాయ వశిష్ఠకి ఇటూ అటూ, చించినాడ వంతెన కింద, డిండి దగ్గర, కాలువ లాకుల దగ్గర వేస్తుంటాను. కింద చెప్పేదంతా ఆ అనుభవమే.

జెర్క్‌బైట్ అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి చల్లటి దేశాల్లో పైక్ లాంటి పెద్ద చేపల కోసం చేసే బరువైన చెక్క ముక్క. దానికి ముందు నాలుక ఉండదు, లాగితే అటూ ఇటూ జారుతుంది. అది మనకి అక్కర్లేదు. రెండోది సన్నగా, పొడుగ్గా, మూతి కింద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉండే చేపపిల్ల ఆకారం. మనం మాట్లాడేది దీని గురించే. ఈ ఆకారానికి దారి చూపించింది ఫిన్లాండ్‌కి చెందిన లౌరి రాపాలా. ఆయన 1936లో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూతగా వేసి మొదటి లూర్ చేశాడు. గుంపులో దెబ్బతిని తడబడే పరిగెనే పెద్ద చేప పట్టుకుంటుందని ఆయన గమనించాడు. జెర్క్‌బైట్ పనంతా అదే. లాగినప్పుడు తడబడాలి, ఆపినప్పుడు ఓపిక అయిపోయినట్టు నిలబడాలి. ఆ నిలబడే క్షణంలోనే చేప మింగుతుంది. మీది నిలబడకుండా దిగిపోతోంది కాబట్టే దెబ్బ పడటం లేదు.

ఎందుకు దిగుతోందో చూద్దాం. రెండు కారణాలు.

మొదటిది చిన్నది, నీళ్ల వేడి. చాలా సస్పెండింగ్ లూర్లు చల్లటి నీళ్లని దృష్టిలో పెట్టుకుని చేసినవి. చల్లటి నీరు చిక్కన, వేడి నీరు పల్చన. 10 డిగ్రీల నీళ్లకీ మన కాలువలో ఉండే 30 డిగ్రీల నీళ్లకీ లీటరుకి 4 గ్రాముల తేడా ఉంటుంది. 12 గ్రాముల లూర్ లెక్కన చూస్తే 0.05 గ్రాము. వినడానికి ఏమీ లేదు కానీ, సరిగ్గా నీటితో సమానంగా తూగేలా చేసిన వస్తువుని మెల్లగా కిందికి దించడానికి అది చాలు. మీరు మొదట చూసింది ఇదే.

రెండోది పెద్దది, మీరు మార్చిన హుక్స్. సన్న హుక్ తీసి బలమైన మూడు ముళ్ల హుక్ పెడితే ఒక్కోదానికి అరగ్రాము నుంచి గ్రాము దాకా పెరుగుతుంది. రెండు హుక్స్, రింగులు కలిపితే గ్రాము పైమాటే. 0.05 గ్రాముకే దిగే లూర్‌కి గ్రాము తగిలిస్తే మునగక ఏం చేస్తుంది? అలాగని పాత హుక్స్ ఉంచుకోలేం, పండుగప్ప ఒక్క గుంజుకి వాటిని చీపురుపుల్లలా సాగదీస్తుంది. అందుకే తేలే రకం కొనమంటున్నాను. దానిలో మోయగలిగే శక్తి మిగులు ఉంటుంది, గట్టి హుక్స్ బరువు అది భరిస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. తేలే లూర్ కొబ్బరి మట్టకో పాత గుంజకో తగిలితే దారం వదులు చేయండి, అదే వెనక్కి లేచి విడిపోతుంది. మునిగేది అక్కడే ఉండిపోతుంది.

ఇక మన డెల్టాకే ఉన్న అసలు చిక్కు ఉప్పు. ఇది వీడియోల్లో ఎవరూ చెప్పరు. వరికి విత్తనాలు ఎంచేటప్పుడు ఉప్పు నీళ్లలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి, తాలు గింజలు తీసేయడం మీ ఇంట్లో పెద్దవాళ్లు చేసే ఉంటారు. లూర్ కూడా ఆ గుడ్డు లాంటిదే. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చేది మంచినీరు. అదే గోదావరి కింద అంతర్వేది వైపు వెళ్లేకొద్దీ ఉప్పు కలుస్తుంది. వేసవిలో పైనుంచి ప్రవాహం తగ్గగానే ఉప్పు ఇంకా పైకి ఎక్కుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వైపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడువారడం చూస్తూనే ఉన్నాం. పండుగప్ప ఈ రెండు నీళ్లలోనూ తిరుగుతుంది, మన లూర్ మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉండదు.

లెక్క చెప్తాను. సెలైనిటీ, అంటే నీటిలో ఉప్పు పాలు, 10 పీపీటీ (కిలో నీటికి 10 గ్రాములు) ఉంటే 12 గ్రాముల లూర్‌ని నీరు దాదాపు 0.09 గ్రాము ఎక్కువగా పైకి నెడుతుంది. 25 పీపీటీ ఉంటే 0.2 గ్రాము దాటుతుంది. మొదటి రెండేళ్లు ఇది నాకు తెలియలేదు. మా ఇంటి బోరు నీళ్ల డ్రమ్ములో ఎంతో ఓపిగ్గా సరిచేసుకుని, ఏప్రిల్‌లో అంతర్వేది దగ్గర వేస్తే ఆపినప్పుడల్లా బెండులా పైకి వచ్చేసేది. లూర్ పాడైందనుకుని రెండు పక్కన పడేశాను కూడా. మా వీధిలో రొయ్యల చెరువు చేసే ఆయన సెలైనిటీ మీటర్‌తో ఆ నీళ్లు చూసి చెప్పాక గానీ సంగతి తెలియలేదు. అప్పటినుంచి పడవ ఎక్కే ముందు గట్టు మీదే బకెట్ ముంచుతాను. మీరూ అదే చేయండి.

ఇప్పుడు ఏ చేపకి ఏది.

కొరమీను ఉండేది తామర, తుంగ, గుర్రపు డెక్క కింద. అక్కడ మూడు ముళ్ల హుక్స్ రెండు వేలాడే లూర్ వేస్తే మొదటి విసురుకే చెత్త పట్టుకుంటుంది. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, ఆ బుడగ చూసి పక్కన రబ్బరు కప్ప వేయడమే పద్ధతి. ఒక్క సందర్భంలో మాత్రం తేలే జెర్క్‌బైట్ వాడతాను. వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలిన మడుగుల్లో డెక్క లేకుండా తేటగా ఉంటే, హుక్స్ తీసేసి ఒంటి ముల్లు పెట్టి, నీటిపైనే చిన్నగా తడబడేట్టు ఆడిస్తాను. తొలకరి తర్వాత ఎర్రటి పిల్లల గుంపు నీటిపై తిరుగుతూ కనిపిస్తే దయచేసి అక్కడ ఏదీ వేయకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆకలి లేకపోయినా కోపానికి కరుస్తాయి. వాటిని లాగేస్తే ఆ పిల్లలన్నీ గంటలో వేరే చేపల పాలవుతాయి.

వాలుగ లోతు మడుగుల చేప, చీకటి పడ్డాక తిరుగుతుంది. చూపు కన్నా మీసాల మీద, నీటి కదలిక మీద ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి సన్న జెర్క్‌బైట్ కన్నా లావుగా, గట్టిగా ఊగేది మేలు. సాయంత్రం లాకు దిగువన 110 వేస్తే అప్పుడప్పుడు పడుతుంది. ఇది ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతూ, హాని పొంచి ఉన్న జాతుల జాబితాలోకి వెళ్లింది. నేను పట్టినా వదిలేస్తాను.

పండుగప్పకే జెర్క్‌బైట్ అసలైన ఎర. ఇది వెంటాడి కొట్టే చేప కన్నా పొంచి ఉండి పీల్చే చేప. పాటు తీసేటప్పుడు డ్రెయిన్ నీరు, తూము నీరు గోదావరిలోకి దూకుతుంది. ఆ నీటితో పరిగెలు, రొయ్య పిల్లలు కొట్టుకొస్తాయి. పండుగప్ప ఆ మూలన, నీటి జోరుకి ఒక పక్కన నిలబడి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుపాట్లు పెద్దవి, అప్పుడు ఈ ఆట ఇంకా బాగా సాగుతుంది. అయితే ఒక షరతు. నీళ్లు కాస్తయినా తేటగా ఉండాలి. జూలై నుంచి వచ్చే ఎర్రనీటిలో జెర్క్‌బైట్ దండగ, చేపకి కనిపించదు. నవంబర్ నుంచి మార్చి దాకా నా లెక్కలో మంచి కాలం.

కొనేటప్పుడు రంగుల గురించి జనం చాలా టెన్షన్ పడతారు. నా దగ్గర రెండే రంగులు. తేట నీటికి వెండి, కొంచెం మట్టి నీటికి బంగారు రంగు. రంగు కన్నా ఈ మూడూ చూడండి: నాలుక పొడవు, అతుకు, హుక్ తగిలించే కొక్కెం. మన డ్రెయిన్లు చాలాచోట్ల మీటరు, మీటరున్నర లోతే. పొడుగు నాలుక ఉన్నది రెండు మీటర్లు దిగి బురద తవ్వుతుంది, పొట్టి నాలుకదే తీసుకోండి. కొక్కేలు లోపల ఒకే తీగతో కలిసి ఉన్నవైతే మంచిది. విడివిడిగా ప్లాస్టిక్‌లో స్క్రూ చేసినవి పెద్ద చేపకి ఊడి వస్తాయి. అతుకు కారుతుందేమో చూడటానికి ఇంటికి తెచ్చాక గోరువెచ్చని నీళ్లలో ముంచండి. ఎక్కడైనా బుడగలు వస్తే అక్కడ ఫెవిక్విక్ చుక్క వేయాలి. ఇంకొకటి, ఎండలో బండి డిక్కీలో లూర్ల పెట్టె వదిలేయకండి. లోపలి గాలి వేడెక్కి అతుకు విచ్చుకుంటుంది. మే నెలలో నాకు ఒకేసారి మూడు పోయాయి.

ఇప్పుడు మార్చే పని. దీన్ని వరసగా, తొందరపడకుండా చేయాలి.

మొదట హుక్స్, రింగులు. బరువు పని ఆ తర్వాతే. చాలామంది తలకిందులుగా చేసి మళ్లీ మొదటికి వస్తారు. 110కి రెండు హుక్స్ ఉన్న మోడల్ అయితే 4వ నంబరు, బలమైన రకం పెట్టండి. నేనైతే ఈ మధ్య మూడు ముళ్లవి మానేసి ఒంటి ముల్లు హుక్స్ పెడుతున్నాను. ముందుది మొన ముందుకి, వెనుకది మొన వెనక్కి చూసేట్టు. నాచు తక్కువ పడుతుంది, చేప నోరు తక్కువ చిరుగుతుంది, వదిలేయడం తేలిక. ముల్లు మీద ఉండే ఎదురు మొనని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తాను. దారం బిగువు వదలకపోతే చేప ఏమీ తప్పించుకోదు.

తర్వాత సోల్డర్ తీగ. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 1 మిల్లీమీటరు మందం సీసం కలిసిన తీగ 10 సెంటీమీటర్లు సుమారు 0.65 గ్రాము తూగుతుంది. అంటే సెంటీమీటరు 0.065. ఈ లెక్క గుర్తుంచుకుంటే త్రాసు లేకపోయినా పని నడుస్తుంది. 15 సెంటీమీటర్ల ముక్క ముందు హుక్ కాడకి వదులుగా చుట్టండి. లూర్‌ని బకెట్‌లో నీటి కింద పెట్టి, ఒంటికి అంటిన బుడగలు వేలితో తుడిచి, వదలండి. మునిగితే సెంటీమీటరు కత్తిరించండి. మళ్లీ వదలండి. మళ్లీ కత్తిరించండి. ఒకచోట అది పైకీ పోదు, కిందికీ పోదు, మూతి ఒక్క పిసరు వంచి అలా నిలబడిపోతుంది. చేయి తీసేసి పది లెక్కపెట్టే లోపు జానెడు కూడా కదలకపోతే చాలు. నేను ఆ తర్వాత ఇంకో అర సెంటీమీటరు కత్తిరిస్తాను, అంటే చాలా మెల్లగా పైకి లేచేలా ఉంచుతాను. మన డ్రెయిన్లలో అడుగున ఎప్పుడూ ఏదో ఉంటుంది. లేచేది బతుకుతుంది.

మూతి బాగా కిందికి దిగితే తీగ కొంత వెనుక హుక్‌కి మార్చండి. తోక కిందికి వేలాడితే మళ్లీ ముందుకి. సరిపోయాక తీగని కాడకి గట్టిగా బిగించి ఫెవిక్విక్ వేసి, దాని మీద వైండింగ్‌లో వాడే ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చేయండి. ఉప్పు నీటికి వెళ్లేటప్పుడు వేయడానికి ఒకటి, రెండు, మూడు సెంటీమీటర్ల ముక్కలు విడిగా జేబులో పెట్టుకోండి. 10 పీపీటీకి సెంటీమీటరున్నర కలిపితే సరిపోతుంది. తీగని పళ్లతో కొరకకండి, అందులో సీసం ఉంటుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

కడుపుకి డ్రిల్ చేసి లోపల బరువు పోసేవాళ్లు ఉన్నారు. నేనూ చేశాను. ఎం-సీల్ పెట్టి మూసినా పోటుపాట్లలో నాలుగు రోజులు ఆడేసరికి నీరు చేరింది. బయట తీగ చుట్టడం కన్నా అందులో అదనంగా వచ్చేది ఏమీ లేదు.

నాలుక అరగదీయడం మాత్రం పనికొచ్చే విద్య. లోతుకి దిగే లూర్‌ని చవగ్గా కొని, నాలుక చివర సన్న ఎమెరీ కాగితంతో ఒక మిల్లీమీటరు చొప్పున తగ్గిస్తూ పోతే పైపైన ఈదేదిగా మారుతుంది. రెండు వైపులా సమంగా ఉండాలి, లేదంటే పక్కకి పొర్లుతుంది. ఒకసారి తీసింది మళ్లీ రాదు కాబట్టి ప్రతి మిల్లీమీటరుకీ నీళ్లలో లాగి చూడండి.

లాగేటప్పుడు లూర్ ఒక పక్కకి పోతుంటే దారం కట్టే కొక్కెం సరిచేయాలి. మూతి మీవైపు ఉండేట్టు పట్టుకోండి. లూర్ మీ కుడికి పోతుంటే కొక్కేన్ని మీ ఎడమకి, వెంట్రుకంత వంచండి. అంతకు మించొద్దు.

ఆడించే తీరు గురించి కొంచెం. విదేశీ వీడియోల్లో 10, 15 సెకన్లు ఆపుతారు. అది చలికి బిగుసుకుపోయిన చేప కోసం. మన నీళ్లలో చేప ఎప్పుడూ చురుకే. రెండు చిన్న గుంజులు, ఒక సెకను ఆపు, ఒక గుంజు, రెండు సెకన్లు ఆపు. గుంజేది రాడ్డు మొనతో, దారం కొద్దిగా వదులుగా ఉన్నప్పుడు. బిగువు దారంతో లాగితే లూర్ సూటిగా వచ్చేస్తుంది, తడబడదు. బ్రెయిడ్ (అల్లిన దారం) చివర, లూర్‌కి ముందు, ఒక మీటరు మందపాటి దారం, అంటే లీడర్ తప్పనిసరి, 40 నుంచి 60 పౌండ్లది. పండుగప్ప నోరు గరుకు కాగితంలా ఉంటుంది, చెంప రేకు అంచు బ్లేడు. లూర్‌కి బిగుతు ముడి వేయకండి, చిన్న వలయం వదిలే ముడి వేస్తే స్వేచ్ఛగా ఊగుతుంది.

గత జనవరిలో చించినాడ దిగువన జరిగింది చెప్తాను. పాటు తీసి గంటయింది. డ్రెయిన్ మూతి నుంచి నీరు జోరుగా వస్తోంది, పక్కన ఒక సుడి. ఉదయం నుంచి అక్కడే 20 సార్లు వేసి ఉంటాను, ఏమీ లేదు. బకెట్ ముంచి చూస్తే లూర్ కొంచెం వేగంగా పైకి వస్తోంది. జేబులోంచి సెంటీమీటరు ముక్క తీసి చుట్టాను. రెండో విసురుకి, గుంజి ఆపిన చోట, నీటి కింద తలుపు మూసినట్టు ‘టప్’ అని శబ్దం. దారం పక్కకి నడిచింది. ఎగిరి తల విదిలించినప్పుడు ముందు హుక్ పెదవి మూలలో కనిపించింది. నాలుగు కిలోలు ఉంటుంది. అప్పటిదాకా లూర్ ఆపగానే దాని తల మీదుగా పైకి పోయేదని నా నమ్మకం. ఒక్క సెంటీమీటరు తీగ.

దాన్ని వదిలేశాను. పండుగప్పలో చిన్నవి మగవి, పెరిగాక ఆడవిగా మారతాయి. గుడ్లు పెట్టేవి పెద్దవే. ఇంటికి కావాలంటే నేను రెండు కిలోల లోపు ఒకటి తీసుకుంటాను.

జాగ్రత్తలు మూడు. మూడు ముళ్ల హుక్ ఉన్న లూర్‌ని, చేప గిలగిలలాడుతుండగా చేత్తో పట్టుకోకండి. నా బొటనవేలిలో దిగి, ఇంకో ముల్లుకి చేప వేలాడుతూ, చాలా నరకం చూశాను. పొడుగు మూతి ప్లేయర్, హుక్ కాడ కత్తిరించే కటర్ రెండూ ఉండాలి. రెండోది, మత్స్యకారుల వల దగ్గర వేయొద్దు. చిక్కుకుంటే వల కోయకుండా మీ దారమే తెంపుకోండి, అది వాళ్ల కూడు. లీజు చెరువుల్లో అడగకుండా వేయొద్దు, కోరింగ అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా అసలే వద్దు. మూడోది, ఉప్పు నీటిలో వాడిన ప్రతిసారీ లూర్‌ని మంచినీళ్లలో కడిగి ఆరబెట్టండి.

ఇక మీ చేతిలో ఉన్న ఆ 110. పారేయకండి. కొత్తగా పెట్టిన హుక్స్ రెండూ తీసి ఒంటి ముల్లువి పెట్టండి, అవి మూడు ముళ్లవాటి కన్నా తేలిక. అప్పుడు కూడా పంట కాలువలో కొంచెం దిగుతుంది. దిగనివ్వండి, దాన్ని కాలువకి వాడకండి. మీకు అంతర్వేది దగ్గరే కదా, ఏప్రిల్‌లో ఆ ఉప్పు నీళ్లలో బకెట్ ముంచి వదిలి చూడండి. అక్కడ అది సరిగ్గా నిలబడే అవకాశం చాలా ఉంది. ఎన్ని సెంటీమీటర్ల తీగ పట్టిందో, ఏ చోట నీళ్లో ఇక్కడ రాయండి, నా పుస్తకంలో ఉన్న లెక్కలతో పోల్చి చెప్తాను.